స్థానికత: తొమ్మిదో తరగతిలోనే ఆలోచించవలసిన విషయం

(ముస్లిం తల్లిదండ్రుల విద్యా సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



విద్య ఎంత అవసరమో నాకు ముందు మాట్లాడిన పెద్దలు చక్కగా వివరించారు. నేను రెవెన్యూ శాఖలో గుమాస్తాగా పనిచేసి పదవీ విరమణ చేసినవాడిని. కనుక కాగితాల సంగతి చెబుతాను. ర్యాంకు వచ్చిన తరువాత, కౌన్సెలింగు గడువు మరి రెండు రోజులున్నదనగా, కార్యాలయానికి పరుగెత్తుకొని వచ్చే తండ్రులను ఎందరినో చూశాను. వారి చేతిలో ఆధార్ కార్డు ఉంటుంది, రేషన్ కార్డు ఉంటుంది, పిల్లవాడి జనన ధ్రువపత్రం కూడా ఉంటుంది. "మా తాతల కాలం నుండీ ఇక్కడే ఉన్నాం సాబ్, మావాడు నాన్‌లోకల్ ఎలా అయ్యాడు?" అన్నది వారి ప్రశ్న. ఆ ప్రశ్నకు సమాధానం పిల్లవాడు తొమ్మిదో తరగతిలో ఉన్నప్పుడే తెలిసి ఉండాలి. అందుకే ఈ విషయాన్ని ఎన్నుకున్నాను.

మొదట చట్టం ఏమంటున్నదో చూద్దాం. మన రాజ్యాంగంలోని 15వ అధికరణం పుట్టిన చోటును బట్టి వివక్ష చూపరాదని చెబుతుంది. అయితే పుట్టిన చోటు వేరు, నివాసం వేరు. ఇందౌర్‌లోని వైద్య కళాశాలలో మధ్యభారత్ నివాసులకు లేని క్యాపిటేషన్ ఫీజును బయటి విద్యార్థుల నుండి వసూలు చేయడం చెల్లుతుందా అన్న ప్రశ్న డి.పి. జోషీ కేసులో వచ్చింది. చెల్లుతుందని 1955లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. నివాసాన్ని బట్టి ఫీజులో తేడా చూపవచ్చునన్న సూత్రం అప్పటి నుండి నిలిచి ఉన్నది. అమెరికాకు వెళ్ళిన మన బంధువుల పిల్లలు అక్కడి రాష్ట్ర విశ్వవిద్యాలయాలలో నివాసులకు ఒక ఫీజు, బయటివారికి ఒక ఫీజు అని చెబితే మనకు వింతగా తోస్తుంది. అదే సూత్రం మన ఇంటి గడపలోనే ఉన్నది. కాబట్టి "ఇక్కడే పుట్టాము" అన్న మాట కౌన్సెలింగు బల్ల ముందు పనిచేయదు. "ఇక్కడ చదివాము" అన్నది నిరూపించాలి.

మన రెండు రాష్ట్రాలలో ఈ చదువు లెక్క 371-డి అధికరణం నుండి వచ్చింది. 1969 తెలంగాణ ఉద్యమం, ఆ తరువాత జై ఆంధ్ర ఉద్యమం నడిచిన పిదప 1973లో చేసిన 32వ రాజ్యాంగ సవరణ ద్వారా ఆ అధికరణం చేరింది. దాని ప్రకారం 1974లో రాష్ట్రపతి ఉత్తర్వు వెలువడింది. ఆంధ్ర, ఉస్మానియా, శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయాల పరిధులను మూడు స్థానిక ప్రాంతాలుగా నిర్ణయించి, 85 శాతం స్థానాలను స్థానికులకు కేటాయించారు. అర్హత పరీక్ష రాసిన సంవత్సరంతో ముగిసే వరుస నాలుగు విద్యా సంవత్సరాలు ఏ ప్రాంతంలో చదివితే ఆ ప్రాంతమే స్థానికం. ఇంటర్మీడియట్ అర్హతగా ఉన్న కోర్సులకు ఆ నాలుగేళ్ళంటే తొమ్మిది, పది, ఇంటర్ మొదటి, రెండవ సంవత్సరాలు.

రాష్ట్ర విభజన తరువాత కూడా పదేళ్ళ పాటు పాత పద్ధతే కొనసాగాలని 2014 పునర్వ్యవస్థీకరణ చట్టంలోని 95వ సెక్షన్ చెప్పింది. ఆ గడువు 2024 జూన్‌లో ముగిసింది. జులైలో తెలంగాణ ప్రభుత్వం వైద్య కోర్సుల కోసం 33వ నంబరు ఉత్తర్వు తెచ్చి, తెలంగాణలో నాలుగేళ్ళ నిబంధనను గట్టిగా బిగించింది. హైకోర్టు రాష్ట్రంలో స్థిర నివాసమున్న వారికి ఊరట కల్పించినప్పటికీ, 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ప్రభుత్వ నిబంధననే సమర్థించింది. ఇంజనీరింగు మొదలైన కోర్సులలోనూ 2025 ప్రవేశాల నుండి మిగతా 15 శాతం స్థానాలను తెలంగాణతో సంబంధమున్న వారికే పరిమితం చేశారు.

ఇప్పుడు దీనిని మన ఇళ్ళకు అన్వయించి చూడండి. కర్నూలు పిల్లవాడు పది వరకు అక్కడ చదివి, ఇంటర్‌కు హైదరాబాదు వస్తాడు. ఆంధ్రప్రదేశ్‌లో వరుస నాలుగేళ్ళు పూర్తి కాలేదు. తెలంగాణలో అయినవి రెండేళ్ళే. జహీరాబాదు పిల్ల నీట్ శిక్షణ బాగుంటుందని బీదర్‌లో ఇంటర్‌కు సమానమైన చదువు పూర్తి చేస్తుంది. బీదర్ గంట దూరమే కావచ్చు, కాని అది కర్ణాటక. హిందూపురం పిల్లలు బెంగళూరుకు, ఆదోని పిల్లలు రాయచూరుకు వెళితే జరిగేదీ ఇదే. నిజామాబాదు నుండి ముంబైకి పనికి వెళ్ళిన తండ్రి కుటుంబాన్ని వెంట తీసుకుపోతాడు. గల్ఫ్‌లో కొంచెం నిలదొక్కుకున్నవాడు పిల్లలను అక్కడి భారతీయ పాఠశాలలో చేర్పిస్తాడు. వీరెవ్వరూ తప్పు చేయలేదు. అయినా కౌన్సెలింగులో వీరి పిల్లలకు స్థానికత ప్రశ్నార్థకమవుతుంది.

స్థానికత పోతే ఒక్క సీటుతో ఆగదు. ఫీజు రీయింబర్స్‌మెంటు రాష్ట్రం ఇచ్చేది. ఆ రాష్ట్రంలోని కళాశాలలో, కన్వీనరు కోటాలో, అర్హత గల విద్యార్థికి అది దక్కుతుంది. తెలంగాణలో మైనారిటీ విద్యార్థికి కుటుంబ ఆదాయ పరిమితి గ్రామాలలో లక్షన్నర, పట్టణాలలో రెండు లక్షలు. ఆంధ్రప్రదేశ్‌లో రెండున్నర లక్షలు. 2007 చట్టంతో వచ్చిన నాలుగు శాతం బీసీ-ఇ రిజర్వేషను కూడా ఈ రాష్ట్రాల పరిధిలోనిదే. మేనేజిమెంటు సీటు తీసుకున్నా, పొరుగు రాష్ట్రానికి వెళ్ళినా ఫీజు మొత్తం తండ్రి నెత్తిన పడుతుంది. ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు పోస్టుమెట్రిక్ స్కాలర్‌షిప్పు వారు వేరే రాష్ట్రంలో చదివినా స్వరాష్ట్రం నుండి అందే ఏర్పాటు ఉన్నది. మైనారిటీలకు ఆ లోటును కొంతైనా పూడుస్తాయనుకున్నవి సచార్ కమిటీ నివేదిక తరువాత వచ్చిన కేంద్ర స్కాలర్‌షిప్పులు. వాటిలో పరిశోధక విద్యార్థులకిచ్చే మౌలానా ఆజాద్ ఫెలోషిప్పును 2022-23 నుండి నిలిపివేశారు. ప్రీమెట్రిక్‌ను తొమ్మిది, పది తరగతులకు కుదించారు. కనుక రాష్ట్రం నుండి వచ్చేదానిని కాగితాల లోపంతో పోగొట్టుకునే స్థితిలో మనం లేము.

ఇక్కడ ఒక న్యాయమైన మాట చెప్పాలి. స్థానిక నిబంధన మనకు శత్రువు కాదు. డబ్బున్నవారు ఎక్కడి నుండో వచ్చి సీట్లు తీసుకుపోకుండా అది పాతబస్తీ పిల్లలకు, పాలమూరు పిల్లలకు, రాయలసీమ పిల్లలకు రక్షణగా నిలిచింది. దానిని తొలగించమని నేను కోరను. దానిని కొలిచే కొలబద్ద గురించే నా ప్రశ్న. రాష్ట్రం వెలుపల పనిచేసిన ప్రభుత్వోద్యోగుల, అఖిల భారత సర్వీసుల అధికారుల, సైనికుల పిల్లలకు మినహాయింపు ఇస్తామని తెలంగాణ ప్రభుత్వం సుప్రీంకోర్టులో చెప్పింది. మంచిదే. తండ్రి ఉద్యోగం కోసం ఊరు వదిలితే పిల్లవాడు నష్టపోరాదన్నది అందులోని న్యాయం. ఆ న్యాయం ముంబైలో తాపీ పని చేసే తండ్రికి, దుబాయిలో డ్రైవరుగా ఉన్న తండ్రికి ఎందుకు వర్తించదు? ఉద్యోగిది బదిలీ, కూలీది స్వచ్ఛందం అనవచ్చును. అప్పు తీర్చడానికి ఊరు విడిచినవానిది స్వచ్ఛందమని ఊరిలో ఎవరూ అనరు.

మనం కోరేది కొత్తదేమీ కాదు. 1974 ఉత్తర్వు కింద వచ్చిన నియమాలలోనే 15 శాతం స్థానాల విషయంలో తల్లిదండ్రులలో ఒకరు రాష్ట్రంలో మొత్తం పదేళ్ళు నివసించి ఉంటే, ఆ బిడ్డకు అర్హత కల్పించారు. తల్లిదండ్రుల నివాసాన్ని లెక్కించే పద్ధతి అధికారులకు యాభై ఏళ్ళుగా తెలిసినదే. అదే పద్ధతిలో వలస కార్మికుల పిల్లలకు 85 శాతం స్థానాలలో మినహాయింపు ఇవ్వాలని రెండు ప్రభుత్వాలకూ విజ్ఞప్తి చేయాలి. ఇది ముస్లింల కోసమే కాదు. పాలమూరు వలస కూలీలు, కరీంనగర్, కడప గల్ఫ్ కుటుంబాలు అన్ని కులాలవారివి. వారందరితో కలిసి అడిగితేనే మన గొంతు వినబడుతుంది.

ప్రభుత్వం వినేదాకా మనం చేయగలిగినవి కొన్ని ఉన్నాయి.

ఒకటి: ఎనిమిదో తరగతి ముగిసేసరికి, వచ్చే నాలుగేళ్ళు బిడ్డ ఏ రాష్ట్రంలో చదవాలో ఇంట్లో నిర్ణయించుకోండి. పొరుగు రాష్ట్రంలో శిక్షణ ఎంత మంచిదైనా, అక్కడ చదివితే ఇక్కడ ఏమి కోల్పోతామో లెక్క వేసుకొని పంపండి.

రెండు: ప్రతి పాఠశాల నుండి స్టడీ సర్టిఫికెట్ ఏ సంవత్సరానికి ఆ సంవత్సరం తీసుకోండి. పాఠశాల మూతబడిన తరువాత దాని రికార్డుల కోసం తిరగడం ఎంత కష్టమో పడినవారికే తెలుసు.

మూడు: హిఫ్జ్ కోసం, ఆలిం చదువు కోసం బడి మానిపించిన పిల్లల విషయం. 1974 ఉత్తర్వు ప్రకారం విద్యాసంస్థ అంటే గుర్తింపు పొందినది. గుర్తింపు లేని మదరసాలో గడిపిన ఏళ్ళు బడిలో చదవని ఏళ్ళ కిందికి వస్తాయి. అటువంటప్పుడు పరీక్షకు ముందు నాలుగేళ్ళు ఆ ప్రాంతంలోనే నివసించినట్లు తహసీల్దారు ఇచ్చే నివాస ధ్రువపత్రం ఆధారం. బిడ్డను దేవ్‌బంద్‌కో లక్నోకో పంపితే ఆ ఆధారం కూడా ఉండదు. ఈ సంగతి తెలిసి నిర్ణయించుకోండి.

నాలుగు: పేర్లు. పదో తరగతి మెమోలో ఎండీ, ఆధార్‌లో మహమ్మద్, ఆదాయ ధ్రువపత్రంలో మొహమ్మద్ ఉంటే కంప్యూటరు వారిని ముగ్గురు మనుషులుగా చూస్తుంది. తొమ్మిదో తరగతిలో నామినల్ రోల్స్ పోకముందే సరిచేయించండి.

ఐదు: స్థానికత అడగని చోట్లు కూడా ఉన్నాయి. ప్రభుత్వ వైద్య కళాశాలల్లో 15 శాతం ఎంబీబీఎస్ సీట్లు అఖిల భారత కోటాలోనివి. ఎన్ఐటీలలో స్వరాష్ట్ర కోటాకు పన్నెండో తరగతి ఎక్కడ ఉత్తీర్ణులైతే అదే స్వరాష్ట్రం. హైదరాబాదులోని మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయం కేంద్రానిది. మదరసాలో చదివినవారికి అక్కడ బ్రిడ్జి కోర్సులు కూడా నడిచాయి. ఇక్కడ తలుపు మూసుకుంటే ఆ తలుపులు తట్టండి.

చివరిగా ప్రతి మస్జిదు కమిటీకి ఒక విన్నపం. మీ మొహల్లాలో ఈ సంవత్సరం ఎనిమిది, తొమ్మిది తరగతుల్లో ఉన్న ఆడపిల్లల, మగపిల్లల పేర్లు ఒక పుస్తకంలో రాసుకోండి. నెలకు ఒక ఆదివారం పదవీ విరమణ చేసిన ఒక ఉపాధ్యాయుడినో ఉద్యోగినో కూర్చోబెట్టి, వారి కాగితాలు చూడమనండి. మా పట్టణంలో పిలిస్తే నేను వస్తాను. పెద్ద ఖర్చు లేదు. ఒక బల్ల, ఒక పుస్తకం చాలు. నాలుగేళ్ళ తరువాత కౌన్సెలింగు గడువు ముందు రోజు ఏ తండ్రీ తహసీల్దారు కార్యాలయం మెట్ల మీద కూర్చోవలసిన పని ఉండదు.