ఇంజన్ విప్పే ముందు కొలవండి

(రైతు సంఘం మండల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగం)



పొద్దున్నుంచి ధరల గురించీ, అప్పుల గురించీ పెద్దలు మాట్లాడినారు. నాకు ఇచ్చిన విషయం పాత బండి ఇంజన్. నేను పదో తరగతి చదివినోణ్ణి, మెకానిక్కును కాను. కానీ ఒక పాత మినీ లారీ నా చేత చాలా పాఠాలు చదివించింది. వాటిలో రెండు చెప్తా: ట్యాపెట్ శబ్దం ఒకటి, ఆయిల్ ప్రెషర్ ఒకటి.

కేంద్రం ప్రకటించే మద్దతు ధరల జాబితాలో టమాటా లేదు. ఆ పొద్దు యార్డులో వేలం ఎంత పలికితే అంతే. కోసిన కాయ ఎక్కువ రోజులు ఆగదు. అందుకే ఆరుగురు రైతులం కలిసి మదనపల్లె యార్డుకు తోలుకోను నాలుగు సిలిండర్ల పాత డీజిల్ బండి కొన్నాం. అది నిలిచిపోతే ఆరు ఇళ్ల పంట నిలిచిపోతుంది.

ఒక పొద్దు లోడుతో గడ్డ ఎక్కి యార్డు గేటు దగ్గర స్లో చేసినాం. ఎర్ర ఆయిల్ లైటు మిణుకుమంది. రేసు ఇస్తే ఆరిపోయింది. ఇంజన్ పైభాగంలో టిక్ టిక్‌మని కుట్టు మిషన్ మాదిరి శబ్దం. షెడ్డుకు తీసుకుపోతే మెకానిక్కు ఒక నిమిషం విని, "బోరుకు వచ్చింది, ఫుల్ ఇంజన్ పని, ఎనభై వేలు పెట్టుకోండి" అన్నాడు. మాలో ఇద్దరు అప్పటికే బండి అమ్మేద్దామన్నారు. ఒకాయన వడ్డీకి తెస్తానని ఫోను తీసినాడు.

మా ఊర్లో బస్సు డిపోలో పనిచేసి రిటైరైన పెద్దాయన ఉన్నాడు. ఆయన అడిగింది ఒకటే మాట: "ఏమప్పా, కొలిచినారా? చెవితో విని చెప్పినారా?" కొలవలేదు. మెకానిక్కూ కొలవలేదు, కొలవమని మేమూ అడగలేదు.

ముందు ఆయిల్ లైటు సంగతి. ఆ లైటు వెనక ఇంజన్‌కు బిగించిన చిన్న స్విచ్ ఉంటుంది. ప్రెషర్ బాగా పడిపోతేనే అది వెలగాలి. స్విచ్ చెడినా, వైరు బాడీకి తగిలినా వెలుగుతుంది. కాబట్టి లైటు చూసి ఇంజన్ విప్పకూడదు. అట్లని లైటును నమ్మక బండి తోలనూ కూడదు. వెలిగితే పక్కకు ఆపి ఇంజన్ ఆర్పాలి. అయిదు నిమిషాలు ఆగి ఆయిల్ పుల్ల తీసి చూడాలి.

పుల్ల మీద మూడు చూడండి. మట్టం తక్కువా? నింపి, ఎక్కడ కారుతోందో వెతకండి. మజ్జిగ మాదిరి తెల్లగా ఉందా? నీళ్లు కలిసినాయి, స్టార్ట్ చేయొద్దు. మట్టం పోసినదానికన్నా పెరిగిందా, డీజిల్ వాసన వస్తోందా? అయితే డీజిల్ ఆయిల్లోకి దిగుతోంది. ఇది చాలా ప్రమాదం. ఆయిల్ పలచనై బేరింగులు అరగడం ఒక ఎత్తు. మట్టం బాగా పెరిగితే ఇంజన్ ఆ ఆయిలునే తాగి, ఆర్పినా ఆరకుండా రేసు పెంచుకునే ప్రమాదం ఇంకో ఎత్తు.

తరువాత గేజి పెట్టాలి. స్విచ్ విప్పి, ఆ కంతలోనే ట్యూబు ఉన్న ప్రెషర్ గేజి బిగిస్తారు. ఇంజన్ బాగా వేడెక్కినాక చూడాలి. చల్లగా ఉన్నప్పుడు ఆయిల్ చిక్కగా ఉంటుంది, అరిగిన ఇంజన్ కూడా మంచి ప్రెషర్ చూపిస్తుంది. మెకానిక్కుల మోటు లెక్క ఒకటుంది: వెయ్యి చుట్లకు పది పౌండ్లు. అసలు లెక్క మీ బండి పుస్తకంలో ఉంటుంది. మా బండి వేడి మీద, స్లోలో అయిదు పౌండ్లు చూపింది. అంటే లైటు నిజమే చెప్పింది.

ఇక్కడే తొందరపడకూడదు. ప్రెషర్ తక్కువ అంటే బేరింగులు అరిగినాయనే కాదు. ఆయిల్ పలచనైనా, కింద చాంబర్‌లో జల్లెడ మూసుకున్నా, ఆయిల్ పీల్చే గొట్టం గాలి లాగినా, ప్రెషర్ రిలీఫ్ వాల్వు తెరుచుకుని ఇరుక్కున్నా, పంపు అరిగినా తగ్గుతుంది. చవకైన కారణం నుంచి ఖరీదైన కారణం వైపు పోవాలి. షెడ్డులో మాకు చివరిది ముందు చెప్పినారు.

ఇక శబ్దం. పొడుగు స్క్రూడ్రైవర్ మొన ఇంజన్‌కు ఆనించి పిడి చెవికి పెట్టి వినండి. ఫ్యానుకూ బెల్టుకూ దూరంగా, తువ్వాలు భుజం మీద లేకుండా చూసుకోండి. ట్యాపెట్ శబ్దం పైన, హెడ్ కవర్ దగ్గర, తేలిగ్గా టిక్‌మంటుంది. ఇంజన్ రెండు చుట్లు తిరిగితే ఒక వాల్వు ఒకసారి తెరుచుకుంటుంది. కాబట్టి స్లోలో ఒక్క వాల్వు మోగితే దాదాపు లెక్కపెట్టగలిగినట్టే వినిపిస్తుంది. కనెక్టింగ్ రాడ్ బేరింగు శబ్దం కింద నుంచి లోతుగా, సుత్తితో కొట్టినట్టు వస్తుంది, లోడు పడితే పెరుగుతుంది. సైలెన్సర్ మానిఫోల్డు ప్యాకింగు లీకైనా టిక్ టిక్‌మంటుంది, ఆ చోట మసి మరక కనిపిస్తుంది.

నాజిల్ శబ్దమూ కలుస్తుంది. పాత పంపు ఉన్న బండ్లలో మెకానిక్కు ఒక్కో నాజిల్ పైపు నట్టు కొంచెం వదులు చేసి చూస్తాడు. ఏ సిలిండర్ దగ్గర శబ్దం తగ్గితే తప్పు అక్కడి నాజిల్‌దో, రాడ్ బేరింగుదో అయి ఉండొచ్చు. ట్యాపెట్‌దైతే పెద్దగా మారదు. చేయి మాత్రం అడ్డం పెట్టొద్దు, ఆ డీజిల్ ధార చర్మంలోకి దూరిపోతుంది. కొత్త కామన్ రైలు బండ్లలో ఈ పని అసలే చేయొద్దు.

పెద్దాయన హెడ్ కవర్ విప్పించి, ఇంజన్ స్లోలో నడిపించి చూడమన్నాడు. రాకర్ల మీద ఆయిల్ సరిగ్గా ఊరడం లేదు. ఇంజన్‌లో ఆయిల్ కింది నుంచి పైకి ఎక్కాలి. మన చివరి ఆయకట్టు మాదిరే, కాలవలో నీళ్లు తగ్గితే మొదట ఎండేది చివరి మడి. రాకర్లు ఆ చివరి మడి. ప్రెషర్ బాగున్నా కంత మూసుకుంటే రాకర్ ఎండుతుంది. ప్రెషరే లేకపోతే అన్నీ ఎండుతాయి. మా బండిలో రెండు జబ్బులనుకున్నది ఒక్కటే జబ్బు.

పుల్లకు డీజిల్ వాసన ఉంది, మట్టం పైగీత దాటింది. వెతికితే ఇంజన్ పక్కనున్న డీజిల్ ఫీడు పంపులో రబ్బరు పొర చీలింది. అక్కడి నుంచి డీజిల్ చాంబర్‌లోకి దిగుతోంది. పొర మార్చి, ఆయిలూ ఫిల్టరూ మార్చి, ట్యాపెట్లు పెట్టించినాం. వేడి మీద, స్లోలో పద్నాలుగు పౌండ్లు వచ్చింది. మొత్తం ఖర్చు ఆరు వేలు దాటలేదు.

ట్యాపెట్లు పెట్టేటప్పుడు ఒక మాట గుర్తుంచుకోండి. ఒకటి, మూడు, నాలుగు, రెండు వరుసలో పేలే ఇంజన్‌లో ఒకటికి నాలుగు జత, రెండుకు మూడు జత. నాలుగో సిలిండర్ వాల్వులు రెండూ కలిసి కదిలే చోట ఆపి ఒకటోదాని సందు చూడాలి. సందు ఎంతో, ఇంజన్ వేడిగా ఉండాలో చల్లగా ఉండాలో పుస్తకంలో రాసి ఉంటుంది. శబ్దం పోవాలని మరీ బిగించనీయొద్దు. బిగిసిన వాల్వు పూర్తిగా మూసుకోదు, మంట తగిలి కాలిపోతుంది. మోగే వాల్వు మనల్ని పిలుస్తుంది. బిగిసిన వాల్వు చప్పుడు లేకుండా చెడుతుంది.

ఇది విని ఎవరూ ధీమాగా ఉండొద్దు. మా పక్క ఊరి రైతు ట్రాక్టర్‌కు కింద నుంచి శబ్దం వచ్చింది, లైటు వెలిగింది. ఇంకా రెండు చాళ్లే కదా అని దున్నినాడు, ఇంటిదాకా తోలినాడు. బేరింగు పూర్తిగా తినేసి క్రాంకు గీరుకుపోయింది. లేత్ షాపు ఖర్చు, కొత్త బేరింగులు, పైగా విత్తనం అదును పోయింది. అక్కడే ఆపి ఉంటే బేరింగులతో పోయేదేమో. మేము భయపడి ఎక్కువ ఖర్చు పెట్టబోయినాం. ఆయన భయపడక ఎక్కువ పోగొట్టుకున్నాడు. ఇద్దరికీ లేనిది కొలత.

ఇంకో జాగ్రత్త. పాత బండి కొనేటప్పుడు చిక్కటి ఆయిల్ పోసి ప్రెషర్ బాగా చూపించేవాళ్లు ఉంటారు. వేడి ఇంజన్‌ను మీ ముందే చల్లార్చి, మళ్లీ నడిపించి చూడండి. అరగంట లోడు మీద తోలి, స్లోలో గేజి చూడండి.

మెకానిక్కులంతా మోసగాళ్లని నేను అనను. వాళ్లూ మన మాదిరి చెమటోడ్చేవాళ్లే. కానీ మడికి నీళ్లు ఎంత పట్టినాయో మనం చూసుకుంటాం కదా, ఇదీ అంతే. అందుకే నా ప్రతిపాదన: మన సంఘం ప్రతి మండలంలో ఒక ఆయిల్ ప్రెషర్ గేజి, ఒక ఫీలర్ గేజి కొని కార్యాలయంలో ఉంచాలి. ఎవరికి కావాలంటే వాళ్లు సంతకం పెట్టి తీసుకుపోవాలి. ఏ బండికి ఎంత వచ్చిందో ఒక నోటు పుస్తకంలో రాయాలి. ఇంజన్ విప్పాలని ఎవరైనా చెబితే వేడి మీద ప్రెషర్ ఎంతో అడగండి, కాగితం మీద రాయించుకోండి, మార్చిన పాత సామాను వెనక్కి తీసుకోండి.

మా బండి ఇప్పటికీ యార్డుకు పోతోంది. ఆ పొద్దు వడ్డీకి తేబోయిన ఎనభై వేలు మా ఆరు ఇళ్లలో ఎవరి నెత్తిన పడి ఉండేదో తలచుకుంటే ఇప్పటికీ నాకు భయమేస్తుంది. గేజి కొనే తీర్మానం ఈ రోజే చేద్దాం. మొదటి చందా నాది.