కండువా మారిన ప్రతిసారీ: గౌతు లచ్చన్న రాజకీయ ప్రయాణం



1967లో ఈ ప్రాంత ఓటర్లు లోక్‌సభకు రెండుసార్లు ఓటేశారు. సార్వత్రిక ఎన్నికల్లో శ్రీకాకుళం లోక్‌సభ స్థానానికీ, సోంపేట శాసనసభ స్థానానికీ స్వతంత్ర పార్టీ తరఫున గౌతు లచ్చన్న గారు పోటీ చేశారు. రెండుచోట్లా గెలిచారు. అదే ఎన్నికల్లో ఆయన గురువు ఆచార్య ఎన్.జి.రంగా ఓడిపోయారు. లచ్చన్న గారు లోక్‌సభ సీటు వదులుకుని, ఉప ఎన్నికలో ఎక్కడో గుంటూరు జిల్లా నిడుబ్రోలులో పుట్టిన రంగాగారిని తీసుకొచ్చి మన సిక్కోలు నుంచి నిలబెట్టి గెలిపించారు. రైలెక్కి ఢిల్లీ పోయే అవకాశాన్ని గురువు చేతిలో పెట్టి, తాను సోంపేట ఎమ్మెల్యేగా హైదరాబాదు వెళ్లారు. ఆ శాసనసభలో స్వతంత్ర పార్టీకి 29 స్థానాలు. ప్రతిపక్ష బాధ్యత ఆయన భుజాన పడింది.

ఇదే మనిషిని పార్టీలు మార్చినవాడని అనేవాళ్లున్నారు. అనడంలో తప్పులేదు. కాంగ్రెస్, కృషికార్ లోక్ పార్టీ, మళ్లీ కాంగ్రెస్, స్వతంత్ర పార్టీ, భారతీయ లోక్‌దళ్, జనతా: వరుస చదివితే ఈనాటి కండువాల జాతర గుర్తుకొస్తుంది. కానీ ఈ వరుసను ఒక ప్రశ్నతో కలిపి చదవమని మిమ్మల్ని అడగడానికి వచ్చాను. పార్టీ మారిన రోజున ఆయన అధికారం వైపు నడిచారా, అధికారానికి దూరంగా నడిచారా?

బారువ తీరంలో 1909 ఆగస్టు 16న చిట్టయ్య, రాజమ్మ దంపతులకు పుట్టారు. కల్లుగీత కుటుంబం. ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో చదువు వదిలేసి జైలుకెళ్లారు. క్విట్ ఇండియా ఉద్యమంలో మళ్లీ జైలు. ఈ మధ్యలో ఈ జిల్లా రైతు ఉద్యమానికి పుట్టిల్లయింది. 1937లో ఇచ్ఛాపురం నుంచి మద్రాసుకు రైతు రక్షణ యాత్ర బయలుదేరింది. 1940లో పలాసలో కిసాన్ మహాసభ జరిగింది. అదే ఏడాది మందసా జమీందారీ అడవి కట్టెల గొడవలో గుడారి రాజమణిపురంలో పోలీసు కాల్పులకు వీర గున్నమ్మ బలైంది. అలాంటి నేల మీద ఎదిగిన మనిషి లచ్చన్న. జమీందారు ఠాణా ముందు రైతు ఎలా నిలబడాలో నేర్చుకున్నాకే ఆయన శాసనసభ మెట్లెక్కారు.

1951లో ఆంధ్ర కాంగ్రెస్ అధ్యక్ష పదవికి జరిగిన పోటీలో నీలం సంజీవరెడ్డి చేతిలో రంగా ఓడిపోయారు. టంగుటూరి ప్రకాశం గారూ రంగాగారూ ఇద్దరూ కాంగ్రెస్‌కు దూరమై, ఆఖరికి రెండు దారులు పట్టారు. రంగాగారిది కృషికార్ లోక్ పార్టీ. లచ్చన్న ఆయన వెంట నడిచారు. స్వాతంత్ర్యం వచ్చి నాలుగేళ్లే అయింది, కాంగ్రెస్ టికెట్ ఉంటే చాలనుకునే రోజులు. అప్పుడు కాంగ్రెస్ విడిచి రైతుల పేరుతో పుట్టిన చిన్న పార్టీలో చేరడం లాభసాటి బేరం కాదు. 1952 మద్రాసు శాసనసభ ఎన్నికల్లో ఆ పార్టీకి దక్కినవి 15 స్థానాలు.

ఇక 1954. ఈ సంవత్సరం దగ్గర కాసేపు ఆగుతాను. లచ్చన్న గారి మీద పొగడ్తకూ నిందకూ రెండింటికీ మూలం ఇక్కడే ఉంది.

మద్రాసు రాష్ట్రంలో మద్యనిషేధాన్ని 1937లో సేలం జిల్లాతో మొదలుపెట్టింది రాజాజీ. 1948 నాటికి అది రాష్ట్రమంతా పరుచుకుంది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం విడిపోయినప్పుడు ఆ చట్టమూ మనతో వచ్చింది. గాంధీగారి ఆశయమే, కాదనను. కానీ చట్టం ఎవరి మెడకు చుట్టుకుందో చూడండి. తాటిచెట్టు గీసే మనిషి తెల్లవారకముందే మోకు భుజాన వేసుకుని బయలుదేరతాడు. చెట్టెక్కి గెల కొన పలచగా చెక్కి, లొట్టి మార్చి దిగుతాడు. సాయంత్రం మళ్లీ ఎక్కాలి. వరసగా చెక్కకపోతే గెల ఎండిపోతుంది, ఆ చెట్టు ఆ కాలానికి పోయినట్టే. లొట్టి లోపల సున్నం పూస్తే దిగేది తీపి రసం, దాంతో తాటిబెల్లం వండుకోవచ్చు, లైసెన్సు ఉంటే నేరం కాదు. సున్నం లేకపోతే పొద్దెక్కేసరికి అదే రసం పులిసి కల్లవుతుంది, అప్పుడు ఠాణా, కేసు, జరిమానా. ఒక సున్నపు పూత అవతల బతుకు, ఇవతల జైలు. పట్నంలో సీసా తాగేవాడికి ఈ బాధ లేదు.

విశ్రాంత ఐసీఎస్ అధికారి ఎస్.వి.రామమూర్తి అధ్యక్షతన ప్రభుత్వమే ఒక సంఘాన్ని వేసింది. నిషేధం ఎత్తేయమని ఆ సంఘం చెప్పింది. ప్రభుత్వం ఒప్పుకోలేదు. లచ్చన్న నాయకత్వంలో గీత కార్మికులు సత్యాగ్రహానికి దిగారు. చివరికి గొడవ సభలోకి వచ్చింది. 1954 నవంబరులో అవిశ్వాస తీర్మానం మీద ఓటింగు జరిగి, ప్రకాశం ప్రభుత్వం ఒకే ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. కృషికార్ పార్టీ, కమ్యూనిస్టులు, సోషలిస్టులు, ఎవరి కారణాలు వారివి, ఒకవైపు చేరారు. ముఖ్యమంత్రికి అప్పుడు 82 ఏళ్లు. సైమన్ కమిషన్ వచ్చిన రోజుల్లో తుపాకుల ముందు నిలబడ్డ మనిషి. ఆయనను దించిన వాళ్లలో లచ్చన్న ముందు వరుసలో ఉన్నారు.

ఆంధ్రకేసరిని దించారన్న మాట వింటే ఇప్పటికీ చాలామందికి మనసు నొచ్చుకుంటుంది. నాకూ నొచ్చుకుంటుంది. అయినా రెండు విషయాలు మరచిపోకూడదు. ప్రకాశం గారు కూడా కాంగ్రెస్ విడిచి ప్రజా పార్టీ పెట్టి, తరువాత సోషలిస్టులతో కలిసి, వాళ్లనూ విడిచి కాంగ్రెస్ మద్దతుతో ముఖ్యమంత్రి అయినవారే. అంతటి పెద్దమనిషికి పార్టీ మార్పు మచ్చ కానప్పుడు లచ్చన్నకెందుకు కావాలి? రెండోది, ఆ ఓటు వెనక మంత్రి పదవి ఆశ కనబడదు. ప్రభుత్వం పడిపోయాక వచ్చింది రాష్ట్రపతి పాలన. ఆ ఓటు చెట్టు ఎక్కేవాడి కోసం వేసింది.

నేను సమర్థించలేని మలుపు దీని తరువాతే వస్తుంది. కొద్ది నెలలకే, 1955 ఎన్నికల్లో కృషికార్ లోక్ పార్టీ కాంగ్రెస్‌తో చేతులు కలిపింది. కమ్యూనిస్టులు అధికారంలోకి వస్తారన్న భయంతో ఢిల్లీ నుంచి ఎస్.కె.పాటిల్ దిగి కూటమి కట్టించారు. 196 స్థానాల్లో కూటమికి 146 వచ్చాయి, కృషికార్ పార్టీ వాటా 22. కమ్యూనిస్టులు 15 దగ్గర ఆగిపోయారు. బెజవాడ గోపాలరెడ్డి మంత్రివర్గంలో లచ్చన్న మంత్రి అయ్యారు. నిన్న ఏ ప్రభుత్వాన్ని దించడానికి ఎవరితో కలిసి ఓటేశారో, ఇవాళ వాళ్లమీదే ఎన్నికల పోరు. రంగాగారి నిర్ణయానికి కట్టుబడ్డారని చెప్పొచ్చు, కమ్యూనిస్టుల మీద ఆయనకు ముందునుంచీ నమ్మకం లేదని చెప్పొచ్చు. ఈ రెండూ నిజమే అయినా, ఆ సత్యాగ్రహంలో తనతో కూర్చున్న గీత కార్మికుడికి సంజాయిషీ చెప్పాల్సిన మలుపు అది. నేను మొదట అడిగిన ప్రశ్నకు ఈ ఒక్కచోట జవాబు ఆయనకు అనుకూలంగా లేదు.

మిగతా మలుపులన్నీ వేరు. 1959లో నాగపూర్ కాంగ్రెస్ సహకార ఉమ్మడి వ్యవసాయాన్ని తీర్మానం చేసింది. అప్పటికి మళ్లీ కాంగ్రెస్‌లో ఉన్న రంగా, రైతు భూమి రైతు చేతిలోనే ఉండాలని బయటికొచ్చారు. రాజాజీతో కలిసి స్వతంత్ర పార్టీ పెట్టారు, దాని మొదటి అధ్యక్షుడు ఆయనే. లచ్చన్న మళ్లీ అధికార పక్షాన్ని విడిచారు. నెహ్రూ గారు బతికుండగా, కాంగ్రెస్ తిరుగులేని రోజుల్లో! పైగా ఆ పార్టీలో ఆయన పక్కన కూర్చున్న పెద్దమనిషి ఎవరు? సేలంలో మద్యనిషేధానికి శ్రీకారం చుట్టిన రాజాజీ. నిషేధం మీద జీవితమంతా భిన్నాభిప్రాయం ఉన్న ఇద్దరు, రైతు భూమి విషయంలో ఒక్కటయ్యారు. ఈ విషయం తలచుకున్నప్పుడల్లా నాకు ఆనాటి రాజకీయాల మీద గౌరవం పెరుగుతుంది.

1972లో జై ఆంధ్ర ఉద్యమం వచ్చినప్పుడు కాకాని వెంకటరత్నం, బి.వి.సుబ్బారెడ్డి వంటి కాంగ్రెస్ నాయకులతో పాటు ఈయనా ముందు నిలిచారు. 1974లో స్వతంత్ర పార్టీ చరణ్‌సింగ్ నాయకత్వంలోని భారతీయ లోక్‌దళ్‌లో కలిసింది. ఎమర్జెన్సీలో జైలు. తెల్లవాడి జైలు చూసిన మనిషికి, అరవై ఐదు దాటాక సొంత ప్రభుత్వం జైలు చూపించింది. 1977లో జనతా పార్టీ. 1978 శాసనసభలో జనతాకు 60 స్థానాలు వచ్చాయి. ఇందిరా కాంగ్రెస్ గెలిచిన ఆ రాష్ట్రంలో లచ్చన్న మళ్లీ ప్రతిపక్ష నాయకుడు.

ఈలోగా గురుశిష్యుల దారులు విడిపోయాయి. రంగాగారు తిరిగి కాంగ్రెస్‌లో చేరారు, 1980లో గుంటూరు నుంచి ఇందిరా కాంగ్రెస్ అభ్యర్థిగా గెలిచారు. గురువు కోసం లోక్‌సభ సీటు వదులుకున్న శిష్యుడు, గురువు వెంట అధికార పార్టీలోకి మాత్రం వెళ్లలేదు. 1951లో, 1955లో, 1959లో రంగా అడుగులో అడుగు వేసిన మనిషి ఇక్కడ ఆగిపోయారు. ఆయన జీవితంలో అన్నిటికంటే కష్టమైన నిర్ణయం ఇదేనని నా నమ్మకం. పార్టీని విడవడం ఒక ఎత్తు, ప్రాణంగా చూసుకున్న మనిషిని ఒంటరిగా పోనివ్వడం ఇంకో ఎత్తు.

1985లో రాజ్యాంగంలో పదో షెడ్యూలు చేరింది. పార్టీ మారితే సభ్యత్వం పోతుంది. 1967లో హర్యానాలో గయాలాల్ చేసిన చేతకు దేశమంతా ‘ఆయారాం గయారాం’ అని పేరు పెట్టాక, దాదాపు ఇరవై ఏళ్లకు వచ్చిన చట్టం. అది కావలసిందే. కానీ మంత్రి పదవి కోసం పోయినవాడినీ, పదవి వదులుకుని పోయినవాడినీ ఒకే తక్కెడలో తూచే చట్టం అది. ఆ తేడా తూచాల్సింది ఓటరే. సోంపేట ఓటర్లు తూచారు. జెండా మారినా అదే మనిషిని మళ్లీ మళ్లీ సభకు పంపారు.

లచ్చన్న గారు 2006 ఏప్రిల్ 19న కన్నుమూశారు. నాగావళి మీద తోటపల్లి బ్యారేజీకి ఆయన పేరే పెట్టారు. కుమారుడు శివాజీ, మనుమరాలు శిరీష తెలుగుదేశంలో నిలకడగా కొనసాగుతున్నారు.

ఒక్క విన్నపం చేసి ముగిస్తాను. 1967లో రెండుసార్లు ఓటేసిన పెద్దలు మన గార మండలంలో, పక్క ఊళ్లలో ఇంకా ఉన్నారు. ఆనాడు రంగాగారు ఏయే ఊళ్లు తిరిగారు, లచ్చన్న గారు ఏం చెప్పి ఓటడిగారు, గీత కార్మికుల ఇళ్లలో ఆ సత్యాగ్రహం గురించి ఏమనుకున్నారు, ఇవి ఏ పుస్తకంలోనూ సరిగా లేవు. కాలేజీ పిల్లలు ఈ సెలవుల్లో వాళ్ల దగ్గర కూర్చుని రాసుకోండి. పాత కరపత్రాలు, ఫొటోలు ఎవరింట్లో ఉన్నా అటక మీద చెదలకు వదిలేయకుండా నకలు తీసి ఊరి గ్రంథాలయానికి ఇవ్వండి. వచ్చే ఏడాది సభలో నా బదులు ఆ పెద్దలచేత మాట్లాడిద్దాం.