రంజాన్ సరుకుల కూపన్లు: మేము మొదలుపెట్టిన తీరు

(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

బిస్మిల్లాహిర్రహ్మానిర్రహీం.



రంజాన్ కిట్లు మానేసి కిరాణా కూపన్లు ఎందుకిస్తున్నారని మీలో చాలామంది అడిగారు. పక్క మహల్లాల కమిటీల వారు కూడా, తాము మొదలుపెట్టాలనుకుంటున్నామని వచ్చి వివరాలు అడిగారు. అందరికీ కలిపి ఇక్కడ చెబుతున్నాము. ఇందులో మేమేమీ ఆరితేరిన వాళ్ళం కాదు. మాది రెండు రంజాన్ల అనుభవం మాత్రమే.

ఇదివరకు పట్నం బజారులో టోకున సరుకులు కొని, సంచులు కట్టి, ఇంటింటికీ పంపేవాళ్ళం. బియ్యం, కందిపప్పు, నూనె, పంచదార, సేమియా, ఖర్జూరాలు. సంచి అందరికీ ఒకటే, ఇళ్ళు మాత్రం ఒక్కటి కావు. రేషన్ కార్డు మీద మనిషికి నెలకు 5 కిలోల చొప్పున బియ్యం వచ్చే ఇంటికి మేము మళ్ళీ బియ్యమే ఇచ్చాము. షుగరు జబ్బున్న ముసలి దంపతులకు 2 కిలోల పంచదార ఇచ్చాము. పండుగ కాకముందే మా కిట్లలోని నూనె ప్యాకెట్లు వీధి చివర కొట్లో సగం ధరకు చేరాయని తెలిసి, మన జకాత్ సొమ్ము అమ్ముకుంటారా అని బాధపడ్డాము కూడా. తీరా అడిగితే, ఆ ఇంట్లో గ్యాస్ సిలిండర్ అయిపోయింది. పొయ్యి వెలగనిదే నూనెతో ఏం చేస్తారు?

ఒక మాట దాతలకు దాచకుండా చెప్పాలి. టోకున కొంటే చౌక. కూపన్ మీద చిల్లర ధర పడుతుంది, అంటే అదే డబ్బుకు సరుకు కొంత తగ్గుతుంది. ఆ తగ్గిన మేరకు, ఏం కావాలో ఎంచుకునే హక్కు ఆ ఇల్లాలి చేతికి వస్తుంది. అది సబబే అనుకుని దిగాము.

మొదటి ఏడాది కుటుంబానికి 1,500 రూపాయల విలువైన కూపన్లు ఇచ్చాము. ఒక్కొక్కటి 500 చొప్పున మూడు అచ్చువేయించడం మా మొదటి తప్పు. 380 రూపాయల సరుకు కొన్నవారికి మిగతా 120కి చిల్లర ఇవ్వమన్నారు కొట్టువాళ్ళు, అక్కర్లేని సబ్బులు అంటగట్టారు. ఇప్పుడు వంద రూపాయలవి పదిహేను ఇస్తున్నాము. రెండో తప్పు చాలా పెద్దది.

పండుగ తర్వాత లెక్క చూస్తే ఒక కుటుంబానికిచ్చిన కూపన్లు ఒక్కటీ తిరిగి రాలేదు. ఆమె భర్త పోయిన మనిషి, మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్తుంది, మనవరాలిని చదివిస్తోంది. పోగొట్టుకుందేమోనని ఇంటికి వెళ్ళాము.

"కూపన్లు పోయాయా ఖాలా?"

ఆమె ట్రంకుపెట్టె తెరిచి, మడత నలగని కూపన్లు తీసి ముందు పెట్టింది.

"పోలేదు నాయనా. మొదటి రోజే వెళ్ళాను. 'కూపన్ వాళ్ళంతా పక్కన నిలబడండి, డబ్బులిచ్చే వాళ్ళని పంపించాక చూస్తా' అన్నాడు. పిల్ల క్లాసులో చదివే అమ్మాయి వాళ్ళమ్మ అక్కడే ఉంది. వచ్చేశాను."

"మరి పండుగ?"

"అప్పు తెచ్చాను."

కొట్టువాడి మీద మాకు కోపం వచ్చింది. కానీ ఆ కూపన్ తిప్పి చూస్తే మా కోపం మా మీదికే తిరిగింది. దాని మీద ఆకుపచ్చ పెద్దక్షరాలతో 'పేదలకు ఉచిత రంజాన్ సహాయం' అని వేయించింది మేమే. కింద దాతల పేర్లు కూడా. నలుగురిలో ఆ కాగితం బయటికి తీయడమే ఆమెకు కష్టం. ఆ తర్వాత కొట్టువాడు అన్నది దాని మీద మరో దెబ్బ.

ఇది మన ఒక్కరి సమస్య కాదు. అమెరికాలో 1939 మే నెలలో రోచెస్టర్ నగరంలో ఆహార కూపన్లు మొదలయ్యాయి. నారింజ రంగువి డబ్బిచ్చి కొనుక్కోవాలి, వాటి విలువలో సగానికి నీలం రంగువి ఉచితం. నీలం వాటితో మిగులుగా పండిన సరుకులే కొనాలి. అక్టోబరుకల్లా ఒక దుకాణదారు నిబంధన తప్పి పట్టుబడ్డాడట. కొట్టు దగ్గర అందరి ముందు కూపన్లు చించి ఇచ్చే ఇబ్బంది అక్కడా ఉండేది. 2004 నాటికి అన్ని రాష్ట్రాల్లోనూ కాగితం పోయి, బ్యాంకు కార్డులాంటి కార్డు వచ్చింది. మన దేశంలోనూ 2021లో ఈ-రూపీ అని ఫోనుకు వచ్చే వోచర్ పెట్టారు. అయితే మా జాబితాలో మామూలు ఫోను కూడా లేని ఇళ్ళున్నాయి. అందుకే కాగితాన్నే బాగుచేసుకున్నాము.

ఇప్పుడు కూపన్ మీద సొసైటీ పేరు లేదు, దాతల పేర్లు లేవు. నంబరు, విలువ, గడువు తేదీ, ముద్ర, అంతే. ఫొటోలు తీయము. పంపిణీ సభ పెట్టము. మా సోదరీమణులే షాబాన్ నెలాఖరులో ఇంటికి వెళ్ళి ఇచ్చివస్తారు. కొట్లు ఒకటి కాదు, మూడు పెట్టుకున్నాము. ఒకచోట మర్యాద దక్కకపోతే ఇంకోచోటికి వెళ్ళవచ్చు. బీడీ, సిగరెట్, గుట్కా తప్ప ఏదైనా కొనుక్కోవచ్చు. ప్రతి శుక్రవారం అసర్ తర్వాత కొట్టువాళ్ళు కూపన్లు, బిల్లులు తెస్తారు, అక్కడికక్కడే డబ్బు చెల్లిస్తాము. చిన్న వ్యాపారి నెలరోజులు ఆగలేడు. ఆగమంటే ఆ భారం ధరలో కలుపుతాడు. ధరల సంగతి చూడటానికి మా ఇంటి ఆడవాళ్ళే మామూలు గిరాకీలా వెళ్ళి అవే సరుకులు కొని బిల్లులు పోల్చారు. ఒక కొట్టులో కందిపప్పు కూపన్ వాళ్ళకు కిలోకు పన్నెండు రూపాయలు ఎక్కువ. ఆ కొట్టు ఇప్పుడు జాబితాలో లేదు.

జకాత్ లెక్కలో ఒక మెలిక ఉంది. హనఫీ ఫిఖహ్ ప్రకారం జకాత్ అర్హుడి సొంతం కావాలి, దాన్నే తమ్లీక్ అంటారు. కూపన్ పంచగానే జకాత్ చెల్లిపోయిందని మేమనుకున్నాము. సరుకు ఆమె చేతికి అందాకే చెల్లినట్టని ఉలమాలు చెప్పారు. కనుక తిరిగిరాని కూపన్ల సొమ్ము మా దగ్గరున్న అమానత్తే. ఆ ఖాలా కూపన్లకు గడువు దాటినా, అంతే విలువకు కొత్తవి ఇచ్చాము. ఈసారి ఆమె వేరే కొట్టుకు వెళ్ళింది. ముందుగా కొన్నది టీపొడి, మనవరాలికి బిస్కెట్లు. మా కిట్‌లో ఆ రెండూ ఎన్నడూ లేవు.

కూపన్లను తక్కువకు అమ్ముకునేవారు ఇప్పటికీ ఒకరిద్దరున్నారు. మందులకో, అద్దెకో నగదు కావాలి. అలాంటి ఇళ్ళకు కూపన్లు తగ్గించి కొంత నగదే ఇవ్వాలా అన్నది కమిటీలో ఇంకా తేలలేదు. మీ సలహా కావాలి.

రెండేళ్ళ బిల్లుల ఫైళ్ళు ఆఫీసులో ఉన్నాయి, దాతలెవరైనా వచ్చి చూడవచ్చు. ధరలు పోల్చే పనికి ఈ ఏడాది ఇంకా నలుగురు సోదరీమణులు కావాలి. రాగలిగినవారు సభ అయ్యాక పేర్లు ఇవ్వండి.

వస్సలాము అలైకుమ్ వ రహ్మతుల్లాహి వ బరకాతుహు.