సృష్టిలోని త్రాసు

సకల ప్రశంసలు అల్లాహ్‌కే చెందుతాయి. ఆయన ప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం)పై శాంతి, శుభాలు వర్షించుగాక!

ధార్మిక సోదరులారా! సూరా అర్రహ్మాన్‌లో ఆకాశం ప్రస్తావన వెంటనే త్రాసు ప్రస్తావన వస్తుంది. ఆ త్రాసును మనం అంగడికే పరిమితం చేసుకున్నాం. తూకంలో మోసం చేయకపోతే చాలనుకున్నాం. కాని తినే జీవికీ, దానికి ఆహారమయ్యే జీవికీ నడుమ కూడా సృష్టికర్త ఒక తూకం ఉంచాడు.

2018 మే నెలలో మెకును, అక్టోబరులో లుబాన్ అనే తుఫానులు ఒమాన్, యెమెన్ తీరాలను తాకాయి. రుబ్ అల్ ఖాలీ ఎడారిలో ఇసుక దిబ్బల మధ్య నీరు నిలిచి పచ్చిక మొలిచింది. తడి ఇసుకలో మిడతలు గుడ్లు పెట్టాయి. అనువైన వాతావరణంలో వాటి సంఖ్య మూడు నెలలకు సుమారు 20 రెట్లవుతుంది. ఆ లెక్కన మూడు తరాలకు ఒకటి 8,000 అవుతుంది.

ఇక మిడతను తినే పక్షిని చూడండి. గులాబీ గోరింక, అంటే ఉర్దూలో మనం తిల్యర్ అనే పక్షి, మధ్య ఆసియాలో వేసవిలో గూడు కట్టి నాలుగైదు గుడ్లు పెడుతుంది. మామూలు ఏళ్లలో ఇలాంటి పక్షులు మిడతలను అదుపులో ఉంచడానికి తోడ్పడతాయి. అకాల వర్షం మిడతకు వరుసగా మూడు తరాల బలమిస్తే పక్షి దాన్ని అందుకోలేదు. త్రాసు ఒకవైపుకు ఒరుగుతుంది.

2020లో మిడతల దండ్లు తూర్పు ఆఫ్రికాను కమ్మాయి. కెన్యా 70 ఏళ్లలో అంతటి దండును చూడలేదు. ఆ మే నెలలోనే దండ్లు జైపూరు మీదుగా సాగి మహారాష్ట్ర దాకా వచ్చాయి. తెలంగాణ సరిహద్దు జిల్లాలను అప్రమత్తం చేశారు. చదరపు కిలోమీటరు దండు ఒక్క రోజులో సుమారు 35,000 మంది తిండిని తినగలదు.

సోదరులారా! పంట కోల్పోయిన పేదవాడు తన పాపానికి శిక్ష అనుభవించాడని మేము చెప్పము. సముద్రం వేడెక్కిన కొద్దీ అరేబియా సముద్రపు తుఫానులు బలపడుతున్నాయి. ఆ వేడికి కారణమైన పొగలో అతని వాటా అత్యల్పం. మన వాటా ఎంతో మనమే లెక్క చూసుకోవాలి.

ఆ గోరింకలే చలికాలంలో మన దక్కను జొన్నచేలపై వాలుతాయి. రైతు మంచె ఎక్కి వడిసెల తిప్పి తోలుకోవచ్చు, అది అతని హక్కు. కాని విషపు గింజలు చల్లడం హద్దు మీరడమే. ఇక్కడ విషానికి చచ్చిన పక్షి, వేసవిలో అక్కడ మిడతను తినడానికి మిగలదు. విశ్వాసి వేసిన పైరులో పక్షి తిన్నది సైతం అతనికి దానంగా వ్రాయబడుతుందని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) శుభవార్త ఇచ్చి ఉన్నారు.

ఓ అల్లాహ్! నీవు నిలిపిన త్రాసును చెరపని దాసులుగా మమ్మల్ని జీవింపజేయి. ఆకలిగొన్నవారి పైర్లను కాపాడు. ఆమీన్.