విద్య కోసం వచ్చిన బాటసారి

మొదటి ఖుత్బా

మానవులందరినీ ఒకే జంట నుండి పుట్టించి, ఒకరినొకరు గుర్తెరిగి మెలగడానికి వారిని జాతులుగా, తెగలుగా మలచిన అల్లాహ్‌ను స్తుతిస్తున్నాము. ఆయన సహాయాన్నే అర్థిస్తున్నాము, ఆయన క్షమాభిక్షనే వేడుకుంటున్నాము. ఆయన అంతిమ ప్రవక్త ముహమ్మద్ (స) పైనా, ఆయన కుటుంబీకుల పైనా, సహచరుల పైనా శాంతి శుభాలు వర్షించుగాక!

గౌరవనీయులైన పెద్దలారా, ప్రియ సోదరులారా, పరదా వెనుక ఆసీనులై ఆలకిస్తున్న తల్లులారా, సోదరీమణులారా! ముందుగా మాకూ మీకూ దైవభీతిని బోధించుకుంటున్నాము. దైవభీతి అంటే మసీదులో వంగే నడుము ఒక్కటే కాదు. మసీదు గుమ్మం దాటిన తరువాత ఎదురయ్యే మనిషి ముఖాన్ని చూసే చూపు కూడా దైవభీతిలో భాగమే.

ఈ శుక్రవారం అటువంటి ఒక ముఖాన్ని గురించి మాట్లాడదలిచాము. మన హైదరాబాదు నగరంలో ఉస్మానియా విశ్వవిద్యాలయం, ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయం వంటి విద్యాలయాలకు ఎన్నో దేశాల యువతీ యువకులు చదువు కోసం వస్తున్నారు. విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయానికీ వస్తున్నారు. సూడాన్, యమన్, సోమాలియా, అఫ్గానిస్తాన్, ఇరాక్ దేశాల పిల్లలు టోలీచౌకి గల్లీలలో మనతోపాటే కాపురముంటున్నారు. మన వరుసలోనే భుజానికి భుజం కలిపి నమాజు చేస్తున్నారు. సలాము తిప్పగానే మనం మన ఇళ్ళకు వెళతాము. వారు తమ గదులకు వెళతారు. ఆ గదిలో ఏముందో మనలో ఎందరికి తెలుసు?

సోదరులారా! దివ్య ఖుర్ఆన్‌లోని నిసా సూరా 36వ ఆయతులో అల్లాహ్ తన ఆరాధన గురించి ఆదేశించిన వెంటనే ఎవరెవరితో సద్వర్తనంతో మెలగాలో వరుసగా తెలియజేశాడు. తల్లిదండ్రులు, బంధువులు, అనాథలు, నిరుపేదలు అయిన తరువాత బంధువైన పొరుగువాడు, పరాయివాడైన పొరుగువాడు, పక్కన ఉండే సహచరుడు, బాటసారి అని పేర్కొన్నాడు. పక్కన ఉండే సహచరుడు అన్న మాటలో కలసి చదువుకునే సహపాఠి కూడా వస్తాడని ఖుర్ఆన్ వ్యాఖ్యాతలు వివరించారు. పరదేశం నుండి వచ్చిన విద్యార్థిని ఈ వరుసలో ఎక్కడ ఉంచుతారో మీరే చెప్పండి. అతను మన గల్లీలో ఉంటే పరాయి పొరుగువాడు. మన అబ్బాయి తరగతిలో ఉంటే పక్కనున్న సహచరుడు. ఇల్లు విడిచి వచ్చాడు గనుక బాటసారి. ఒక్క మనిషి రూపంలో మూడు హక్కులు మన వాకిట నిలిచాయి.

ఆకలి వేరొక ప్రశ్నగా వచ్చిన రోజు

హజ్రత్ అబూ హురైరా (రజి) ఎవరో మీరెరుగుదురు. హదీసు గ్రంథాలలో అందరికంటే ఎక్కువ ఉల్లేఖనాలు ఆయనవే. ఆయన మదీనావాసి కారు. యమన్ ప్రాంతపు దౌస్ తెగకు చెందినవారు. జ్ఞానార్జన కోసం స్వస్థలాన్ని విడిచి, హిజ్రీ 7వ సంవత్సరంలో మదీనా చేరి, మస్జిదె నబవీలోని సుఫ్ఫా అనే చావడిలో నివసించారు. నేటి భాషలో చెప్పాలంటే ఆయన పరదేశీ విద్యార్థి, సుఫ్ఫా ఆయన వసతిగృహం.

సహీహ్ బుఖారీలో ఆయన తన గాథ తానే వినిపించారు. ఆకలి బాధకు ఒక్కోసారి కడుపుకు రాయి కట్టుకునేవారట. ఒకనాడు తట్టుకోలేక జనం నడిచే దారిలో కూర్చున్నారు. హజ్రత్ అబూ బక్ర్ (రజి) ఆ దారిన వచ్చారు. అబూ హురైరా (రజి) ఆయనను ఖుర్ఆన్‌లోని ఒక ఆయతు గురించి అడిగారు. ఆ ఆయతు ఆయనకు తెలియక కాదు. ఆ మాట మీద మాటగా తనను ఇంటికి తీసుకువెళతారేమోనన్న ఆశతో అడిగారు. అబూ బక్ర్ (రజి) ఆ మనసులోని మాట గ్రహించలేదు, సాగిపోయారు. తరువాత హజ్రత్ ఉమర్ (రజి) వచ్చారు. మళ్ళీ అదే ప్రశ్న, అదే ఆశ. ఆయనా సాగిపోయారు. అటుపిమ్మట దైవప్రవక్త (స) వచ్చారు. ఆ ముఖాన్ని చూశారు, చిరునవ్వు నవ్వారు. ఆ మనసులో ఏముందో గ్రహించి తన వెంట రమ్మన్నారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాము. అబూ బక్ర్ (రజి), ఉమర్ (రజి) ఉమ్మత్‌లోకెల్లా ఉత్తములు. వారి హృదయాలలో కాఠిన్యం లేదు. అయినా ఆకలిగొన్న విద్యార్థి ఆకలి పేరెత్తకుండా ఆయతు గురించి అడిగినప్పుడు, ఆ ప్రశ్న వెనుక ఉన్నది వారికి అందలేదు. అంతటి మహనీయులకే అందనిది మనకు దానంతట అదే అందుతుందని అనుకోవచ్చునా? పరువుగల మనిషి తన అవసరాన్ని దాని సొంత పేరుతో చెప్పడు. ఈ నాటి పరదేశీ విద్యార్థి కూడా అంతే. ‘అద్దె కట్టలేను’ అనడు, ఇంతకంటే చిన్న గది ఎక్కడైనా ఉందా అని అడుగుతాడు. ‘ఒంటరిగా ఉన్నాను’ అనడు, ఇషా నమాజు అయ్యాక మసీదులో ఇంకెంతసేపు కూర్చోవచ్చునని అడుగుతాడు. ‘మా ఊరిపై బాంబులు పడ్డాయి’ అనడు, ఇక్కడ ఇంటర్నెట్ బాగా ఎక్కడ వస్తుందని అడుగుతాడు. మనం ప్రశ్నకు జవాబు చెప్పి సాగిపోతున్నాము. ముఖాన్ని చూడడం దైవప్రవక్త (స) సున్నత్. దానిని మనం అలవరచుకోవాలి.

ఆ గాథ అంతటితో ముగియలేదు. ప్రవక్త (స) ఇంట ఎవరో కానుకగా పంపిన గిన్నెడు పాలు ఉన్నాయి. సుఫ్ఫావాసులందరినీ పిలుచుకురమ్మని అబూ హురైరానే (రజి) పంపారు. వారు వచ్చాక, పాలు అందించే పనిని కూడా ఆయనకే అప్పగించారు. అందరికీ అందించాక తనకేం మిగులుతుందని ఆయన మనసు దిగులుపడింది. అయినా ఆజ్ఞ పాటించారు. అందరూ తృప్తిగా తాగారు. చివరకు అబూ హురైరా (రజి) ఇక చోటు లేదనేవరకు ఆయనచేత తాగించి, మిగిలినది ప్రవక్త (స) తాము తాగారు.

ఈ ఏర్పాటును గమనించండి. ఆకలితో వచ్చినవాడు చేయి చాచి నిలబడలేదు. గిన్నె అతని చేతిలోనే ఉంది. పదిమందికి పెట్టిన తరువాత తానూ తాగాడు. కడుపు నింపితే ఉపకారమవుతుంది. గిన్నె చేతికిస్తే ఆ మనిషి మనవాడవుతాడు. నేటి మన మాటలోని సారమంతా ఇదే.

వారి కష్టం ఎటువంటిది?

విద్యార్థి వీసాపై వచ్చినవారికి ఉద్యోగం చేసే అనుమతి లేదు. మక్కా నుండి వలస వచ్చిన హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి)కు అన్సారీ సోదరుడు సఅద్ బిన్ రబీ (రజి) తన ఆస్తిలో సగం ఇస్తానన్నారు. ఆయన ఆశీర్వదించి, బజారు ఎక్కడుందో మాత్రం చూపమని కోరారు. జున్ను, నెయ్యి అమ్మి తన కాళ్ళపై తాను నిలబడ్డారు. ఈ పిల్లలకు ఆ బజారు దారి చట్టరీత్యా మూసి ఉంది. ఇంటి నుండి డబ్బు వచ్చినన్నాళ్ళు గడుస్తుంది. ఆగిననాడు మరో మార్గం లేదు.

ఆగిపోవడం ఎంత సులువో చూడండి. 2023 ఏప్రిల్ 15న సూడాన్ రాజధాని ఖార్తూమ్‌లో యుద్ధం మొదలైంది. బ్యాంకులు మూతపడ్డాయి. తండ్రికి ఇల్లూ, దుకాణమూ ఉన్న పిల్లవాడు సైతం చేతిలో పైసా లేనివాడయ్యాడు. 2021 ఆగస్టులో కాబూల్‌లో ప్రభుత్వం మారినప్పుడు అఫ్గాన్ విద్యార్థుల గతి కూడా ఇదే అయింది. చదువు ముగిస్తే తిరిగి వెళ్ళే ఇల్లు ఉన్నదో లేదో తెలియదు.

సోదరులారా! జకాత్ పొందే ఎనిమిది వర్గాలను తౌబా సూరా 60వ ఆయతు నిర్ణయించింది. వారిలో బాటసారి ఒకడు. స్వస్థలంలో సంపద ఉన్నా, ప్రస్తుతం అది చేతికందని ప్రయాణికుడు తన అవసరం మేరకు జకాత్ తీసుకోవచ్చునని మన ఫిఖ్‌హ్ పండితులు స్పష్టం చేశారు. ఏటా జకాత్ లెక్కలు వేసేటప్పుడు ఈ వర్గం నేడు ఎక్కడుందని మనం తడుముకుంటాము. అది మన వెనుక వరుసలోనే నమాజు చేస్తోంది. ఇచ్చేటప్పుడు జకాత్ అని ప్రకటించనక్కరలేదు. ఇచ్చేవాని సంకల్పం చాలు. ఫీజు గడువు తేదీన, నలుగురూ చూడకుండా ఇవ్వండి. ఫోటో తీయకండి.

ఆ పిల్లలలో ముస్లిమేతరులూ ఉంటారు. జకాత్ కాకున్నా సదఖా తలుపు వారికి తెరిచే ఉంది, పొరుగువాని హక్కు అందరిదీ. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి) తన ఇంట మేకను కోసినప్పుడు, పొరుగునున్న యూదునికి పంపారా లేదా అని ఇంటివారిని అడిగారు. ఒక క్రైస్తవ రాజు పాలించే అబిసీనియాలోనే కదా మన తొలి ముహాజిర్లకు ఆశ్రయం దొరికింది! ఆఫ్రికా ఖండం ఈ ఉమ్మత్‌కు మొదట తలుపు తీసిన నేల. ఆ ఖండపు బిడ్డ మన గల్లీలో నడుస్తుంటే వెనుక నుండి రంగును ఎత్తిపొడిచే పిలుపులు వినిపించడం ఎంత సిగ్గుచేటు! హజ్రత్ అబూ జర్ (రజి) ఒక వ్యక్తిని అతని తల్లి పేరెత్తి దెప్పినప్పుడు, ఆయనలో ఇంకా అజ్ఞానకాలపు పోకడ మిగిలి ఉందని దైవప్రవక్త (స) మందలించారు. మన పిల్లల నోటి నుండి అటువంటి మాట వస్తే మందలించవలసినది మనమే.

ఇంతకూ మన నగరానికి పరదేశీయులు కొత్తా? ఏ.సి. గార్డ్స్ అనే పేట పేరు నిజాముల కాలపు ఆఫ్రికన్ అశ్వదళం నుండి వచ్చింది. బార్కస్‌లో నేటికీ యమన్‌లోని హద్రమౌత్ నుండి వచ్చినవారి సంతతి ఉంది. వారి హరీస్ మన హలీమ్‌కు పొరుగు వంటకం. నాడు వచ్చినవారు నేడు హైదరాబాదీలు. నేడు వచ్చినవారిని మాత్రం ‘బయటివారు’ అనడం ఏపాటి న్యాయం?

మాకూ, మీకూ, ముస్లిములందరికీ అల్లాహ్ క్షమాపణను అర్థిస్తున్నాము. మీరూ అర్థించండి. నిశ్చయంగా ఆయన క్షమాశీలుడు, కరుణామయుడు.

రెండవ ఖుత్బా

సకల స్తోత్రాలూ అల్లాహ్‌కే. ఆయన ప్రవక్త (స)పై శాంతి శుభాలు కలుగుగాక!

సోదరులారా! విన్న మాట చేతలలోకి రావాలి గనుక కొన్ని విషయాలు విన్నవిస్తాము.

ఇంటి యజమానులారా! విదేశీయునికి గది అద్దెకిస్తే 24 గంటలలోగా అతని వివరాల ఫారాన్ని ఆన్‌లైన్‌లో సమర్పించడం మీ బాధ్యత. అది కష్టమైన పని కాదు. ఆ కాగితానికి జడిసి గది లేదనకండి. గది ఇచ్చి ఆ కాగితం ఎగవేయకండి. దాని ఫలితం అనుభవించేది ఆ పిల్లవాడే. వచ్చిన 14 రోజులలో అతను విదేశీయుల నమోదు కార్యాలయంలో పేరు నమోదు చేసుకోవాలి. చిరునామా రుజువు లేకుంటే ఆ పని సాగదు. పరదేశీ గదా అని అద్దె రెట్టింపు చేయడం, అడ్వాన్సు తిరిగి ఇవ్వకపోవడం అన్యాయపు సొమ్ము తినడమే.

వ్యాపారులారా! అనుమతి లేదన్న బలహీనతను ఆసరా చేసుకుని వారిచేత రహస్యంగా, తక్కువ కూలికి పని చేయించకండి. పట్టుబడితే మీకు జరిమానాతో పోవచ్చు, అతని చదువే పోతుంది.

విశ్వవిద్యాలయాలలో పనిచేస్తున్న అధ్యాపకులారా, గుమస్తాలారా, వార్డెన్లారా! మీ నోట ‘రేపు రండి’ అన్న మాట తేలికగా వస్తుంది. వీసా గడువు ముంచుకొస్తున్నవానికి ఆ ఒక్క రేపు చాలా బరువు. ఒక సంతకం నేడే చేయగలిగితే నేడే చేయండి. కొత్తగా వచ్చిన ప్రతి పరదేశీ విద్యార్థికీ మొదటి నెల తోడుగా ఒక స్థానిక విద్యార్థిని నియమించండి. ఏ కిటికీ దగ్గర ఏ కాగితం ఇవ్వాలో, సెలవుల్లో మెస్ మూతపడితే ఎక్కడ తినాలో చెప్పేవాడు ఉండాలి.

యువకులారా! మాలిక్ బిన్ హువైరిస్ (రజి), ఆయన ఈడు యువకులు కొందరు దైవప్రవక్త (స) వద్ద 20 రాత్రులు ఉండి విద్య నేర్చుకున్నారు. వారు ఇంటిపై బెంగపెట్టుకున్నారని ప్రవక్త (స) గ్రహించి, ఇంట ఎవరెవరిని విడిచి వచ్చారని అడిగి, తిరిగి పంపారు. మీరు కూడా అడగండి. ‘ఏ దేశం?’ అని కాదు, ‘మీ అమ్మగారు ఎలా ఉన్నారు?’ అని అడగండి. యుద్ధం కథలు చెప్పమని మాత్రం వేధించకండి. చెప్పదలచినప్పుడు వారే చెబుతారు. వారిలో ఎవరికైనా ఇంట మరణవార్త వస్తే ఒంటరిగా వదలకండి. హజ్రత్ జాఫర్ (రజి) అమరులైన వార్త వచ్చినప్పుడు ఆయన కుటుంబానికి అన్నం వండి పంపమని దైవప్రవక్త (స) ఆదేశించారు. ఆ రోజు మన పొయ్యి అతని కోసం వెలగాలి.

మసీదు కమిటీ వారికి ఒక మనవి. మన ప్రసంగం వారికి అర్థం కాదు. ప్రతి జుమా నాడు నమాజు తరువాత ఐదు నిమిషాలు అరబ్బీలోనో ఇంగ్లీషులోనో సారాంశం చెప్పే ఏర్పాటు చేద్దాము. అంతకంటే ముఖ్యంగా, గిన్నె వారి చేతికిద్దాము. రమజాన్‌లో ఇఫ్తార్ వడ్డించే జట్టులో వారినీ చేర్చుదాము. మంచి కంఠంతో ఖుర్ఆన్ పఠించేవారుంటే ఒకనాటి ఫజ్ర్ నమాజు నడపమని కోరుదాము. కమిటీ సమావేశానికి వారి ప్రతినిధిగా ఒకరిని పిలుద్దాము.

తల్లిదండ్రులారా! మీ బిడ్డలు అమెరికాలో, జర్మనీలో, ఆస్ట్రేలియాలో చదువుతున్నారు. రాత్రి ఫోను రాకపోతే మీకు నిద్ర పట్టదు. అక్కడ మీ అబ్బాయికి ఎవరైనా ఒక పూట అన్నం పెడితే ఆ ముఖం తెలియని మనిషి కోసం మీరు దుఆ చేస్తారు. ఖార్తూమ్‌లో, సనాలో ఒక తల్లి అదే దుఆ చేయడానికి సిద్ధంగా ఉంది. ఆ దుఆలో ఎవరి పేరు చేరాలన్నది మన చేతిలో ఉంది.

ఓ అల్లాహ్! పరదేశంలో ఉన్న ప్రతి విద్యార్థికీ నీవే తోడుగా ఉండు. వారి చదువులో శుభం ప్రసాదించు. యుద్ధంలో చిక్కుకున్న వారి ఇళ్ళను, వారి తల్లులను కాపాడు. మా పిల్లలు ఏ దేశంలో ఉన్నా వారికి మంచి పొరుగును ప్రసాదించు, మమ్మల్ని కూడా ఇతరుల పిల్లలకు మంచి పొరుగుగా చెయ్యి. అడగలేని వారి ముఖాన్ని చదవగల చూపును మాకు అనుగ్రహించు. ఆమీన్.