తెర వెలిగితే పాఠం వచ్చినట్టు కాదు

(సంఘాల్లో సాయంకాలం ట్యూషన్లు, సండే స్కూళ్లు నడుపుతున్న యౌవనస్థుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



కోలారు గనుల పక్కన, షోలాపూరు మగ్గాల పేటల్లో, రాయగడ, బరంపురం బస్తీల్లో, హోసూరు, చెన్నై, యానాంలలో మీరు ప్రతి సాయంత్రం పిల్లల్ని కూర్చోబెట్టుకుని చదివిస్తున్నారు. జీతం లేదు. పగలంతా మీ పని మీరు చేసుకుని వచ్చి చేస్తున్నారు. ఇప్పుడు మీలో చాలామంది అడుగుతున్న ప్రశ్న ఒక్కటే. "అన్నా, యూట్యూబులో ఇంతకంటే బాగా చెప్పేవాళ్లు ఉన్నారు కదా. వీడియో పెట్టేస్తే సరిపోదా? ఇంక మేమెందుకు?" ఈ రోజు ఆ ప్రశ్నకే జవాబు చెప్పుకుందాం.

నెహెమ్యా గ్రంథం ఎనిమిదో అధ్యాయం మీకు తెలుసు. నీటి గుమ్మం ఎదుట జనమంతా కూడుకున్నారు. ఎజ్రా ధర్మశాస్త్రం చదువుతున్నాడు. అందరికీ కనబడేలా, వినబడేలా ఆయన కోసం కర్రతో ఒక పీఠం కట్టారు. ఆ కాలానికి అదే సాంకేతిక ఏర్పాటు. కాని అంతటితో ఆగలేదు. లేవీయులు జనం మధ్య ఉండి, చదివిన దానికి అర్థం చెప్పారు. అక్కడ పదముగ్గురి పేర్లు రాసి ఉన్నాయి. బబులోను నుంచి తిరిగి వచ్చి, వీధిలో అరామిక్ మాట్లాడుకునే జనానికి హెబ్రీ గ్రంథం సులువుగా అర్థమయ్యేది కాదని చాలామంది పండితుల అభిప్రాయం. ఇంట్లో ఒక భాష, బడిలో ఇంకో భాష, పుస్తకంలో మరో భాష ఉన్న మనకు ఆ జనం బాగా దగ్గర.

నేను చెప్పేది ఇదే. వీడియో, ప్రొజెక్టరు, ఫోను, ఇవన్నీ ఆ కర్ర పీఠం. అవి కావాలి. పీఠం లేకపోతే వెనక ఉన్నవాడికి వినబడదు. కాని జనం మధ్య తిరిగి అర్థం చెప్పే లేవీయుడు లేకపోతే వినబడింది అర్థం కాదు. ఆ పదముగ్గురి పని మీది.

ఇది కొత్త పాఠమేమీ కాదు. 1975 ఆగస్టు నుంచి 1976 జులై వరకు మన దేశంలో సైట్ అనే ఉపగ్రహ టెలివిజన్ ప్రయోగం జరిగింది. అమెరికా ఉపగ్రహం సాయంతో ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాలకు టీవీ కార్యక్రమాలు పంపారు. ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, ఒడిశా ఆ ఆరింటిలో ఉన్నాయి. రాయచూరు, గుల్బర్గా పల్లెల్లో బడిపిల్లలు టీవీ ముందు కూర్చుని పాఠాలు చూశారు. తెలుగు, కన్నడ, ఒడియా, హిందీ భాషల్లో ఆ కార్యక్రమాలు వచ్చాయి. ఏడాది తిరిగేసరికి ఉపగ్రహాన్ని పక్కకు తీసుకుపోయారు. ప్రయోగం ముగిసింది. బడిలో మిగిలింది ఎవరు? ఉపాధ్యాయుడే. యాభై ఏళ్ల కింద ఉపగ్రహం వచ్చి వెళ్లింది, ఇవాళ యాప్‌లు వచ్చి వెళ్తున్నాయి. వచ్చినదాన్ని వాడుకోవాలి. వెళ్లిపోయాక కూడా పాఠం నిలిచేలా వాడుకోవాలి.

ఇక న్యాయం సంగతి. 2017-18లో జరిగిన జాతీయ నమూనా సర్వే ప్రకారం పల్లెల్లో 4.4 శాతం ఇళ్లలోనే కంప్యూటరు ఉంది. ఇంటర్నెట్ సౌకర్యం పల్లెల్లో సుమారు 15 శాతం ఇళ్లకు, పట్టణాల్లో 42 శాతం ఇళ్లకు ఉంది. ఆ తర్వాత రెండేళ్లకే, 2020 మార్చిలో బడులు మూతపడ్డాయి. చదువు ఫోనులోకి వెళ్లింది. ఫోను లేని ఇంటి పిల్లవాడు చదువుకు బయట నిలబడ్డాడు. పాకీ పనివాళ్ల, బీడీ కార్మికుల, వలస కూలీల పిల్లలు ఆ రెండేళ్లలో ఏం పోగొట్టుకున్నారో మీ బస్తీల్లో మీరే చూశారు.

ఇప్పుడు పరిస్థితి మారింది. అసర్ 2024 నివేదిక చూడండి. పల్లెల్లో 14 నుంచి 16 ఏళ్ల పిల్లల ఇళ్లలో దాదాపు 90 శాతం ఇళ్లకు స్మార్ట్‌ఫోను చేరింది. మంచిదే. కాని ఫోను వాడటం తెలిసిన ఆ పిల్లల్లో, సర్వేకు ముందు వారంలో చదువు కోసం వాడినవాళ్లు 57 శాతం, సోషల్ మీడియా కోసం వాడినవాళ్లు 76 శాతం. ఇంకో అంకె ఇంకా ముఖ్యం. ఫోను వాడటం తెలిసినవాళ్లలో సొంత ఫోను ఉన్న అబ్బాయిలు 36 శాతం, అమ్మాయిలు 27 శాతం. ఒకే ఇంట్లో తమ్ముడి చేతిలో ఫోను ఉంటుంది, అక్క చేతిలో గిన్నెలు ఉంటాయి.

ఆడపిల్లకు ఫోను ఇస్తే చెడిపోతుందని మన విశ్వాసుల ఇళ్లలోనూ అంటారు. 2019లో కేరళ హైకోర్టు ముందుకు ఒక కేసు వచ్చింది. ఒక కాలేజీ ఆడపిల్లల హాస్టల్లో సాయంత్రం చదువుకునే వేళల్లో ఫోను వాడకూడదని నియమం పెట్టారు. దానికి ఒప్పుకోని విద్యార్థినిని హాస్టల్ నుంచి పంపించేశారు. ఇంటర్నెట్ అందుబాటు విద్యాహక్కులో, గోప్యత హక్కులో భాగమని కోర్టు తీర్పు చెప్పి, ఆ అమ్మాయిని తిరిగి చేర్చుకోమంది. పాస్టర్లకు, పెద్దలకు నా మనవి: ఫోను ప్రమాదాల గురించి ప్రసంగం చేయాలనుకుంటే కొడుకుకూ కూతురికీ కలిపి చేయండి. నియమం ఇద్దరికీ ఒకటే ఉండాలి.

అందుకే ట్యూషన్ పిల్లలందరికీ తలా ఒక ట్యాబ్ కొనిపెట్టాలని కొన్ని సంఘాలు చేస్తున్న ఆలోచనతో నేను ఏకీభవించను. ఆ డబ్బుతో ఒక ప్రొజెక్టరు, ఒక పాత ల్యాప్‌టాప్, రెండు పెన్‌డ్రైవులు, ఒక మంచి స్పీకరు కొనండి. ఇంటికి పంపిన ట్యాబ్ ఎవరి చేతికి పోతుందో మనకు తెలియదు. గోడ మీద పడే బొమ్మ అందరిదీ. అక్క, తమ్ముడు, వెనక బెంచీ పిల్లవాడు, అందరూ ఒకే దాన్ని చూస్తారు, ఒకే దాని గురించి మాట్లాడుకుంటారు.

మరి ఆ గోడ మీద ఏం చూపించాలి? డబ్బు పెట్టకుండా దొరికేవి చెబుతాను.

మొదటిది దీక్షా. 2017లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది. అందులో బోర్డు, మాధ్యమం, తరగతి ఎంచుకోవచ్చు. అంటే జయపురంలో ఉన్న తెలుగు పిల్లవాడు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ బోర్డుల తెలుగు పాఠాలు చూసుకోవచ్చు. దానితోపాటు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తెచ్చిన రెండు భాషల పాఠ్యపుస్తకాలు ఉన్నాయి. ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదుటి పేజీలో అదే పాఠం తెలుగులో. ఇంగ్లీషు మీడియంలో తడబడే మన పిల్లలకు ఇంతకంటే మంచి సాయం లేదు.

రెండోది ఫెట్. భౌతికశాస్త్రంలో నోబెల్ పొందిన కార్ల్ వీమన్ 2002లో కొలరాడో విశ్వవిద్యాలయంలో ప్రారంభించిన సంస్థ. సైన్సు, లెక్కల ప్రయోగాలు తెర మీద మనమే కదిలిస్తూ చేయవచ్చు. చాలా వాటికి తెలుగు అనువాదం ఉంది. ఒకసారి దించుకుంటే నెట్ లేకుండా నడుస్తాయి. రేఖాగణితానికి జియోజీబ్రా కూడా అలాంటిదే.

మూడోది ముంబై ఐఐటీ వారి స్పోకెన్ ట్యుటోరియల్. ఇది మీలాంటి యౌవనస్థులకు. లిబ్రె ఆఫీస్, పైథాన్ లాంటివి పది నిమిషాల చిన్న పాఠాలుగా నేర్పుతారు. తెర మీద ఇంగ్లీషే ఉంటుంది, ఎందుకంటే ఉద్యోగంలో కనబడేది అదే. వివరణ మాత్రం తెలుగు, తమిళం, కన్నడం, మరాఠీ లాంటి మన భాషల్లో వినబడుతుంది. సగం తెరలో పాఠం, సగం తెరలో మన చేతిపని. చూస్తూ చేయాలి, చేస్తూ నేర్చుకోవాలి.

ఇప్పుడు ఎలా చూపించాలో చెబుతాను. 2014లో కొందరు పరిశోధకులు ఎడెక్స్ కోర్సుల్లో 69 లక్షల వీడియో వీక్షణలను పరిశీలించారు. వీడియో ఎంత పొడవున్నా విద్యార్థులు నిలబడి చూసేది సుమారు ఆరు నిమిషాలే అని తేలింది. వాళ్లు కావాలని చేరిన పెద్దవాళ్లు. మన ఏడో తరగతి పిల్లలు నలభై నిమిషాలు చూస్తారనుకోవడం అన్యాయం. కాబట్టి ఐదు నిమిషాలు చాలు.

కరెంటు పాఠం ఉదాహరణగా తీసుకుందాం. ముందు రోజే టీచరు పూర్తిగా చూసుకోవాలి. తాను చూడనిది పిల్లలకు చూపించకూడదు. తరగతిలో తెర వెలిగించే ముందే ప్రశ్న వేయాలి. "ఒక బ్యాటరీకి ఒక బల్బు వెలుగుతోంది. దాని పక్కనే ఇంకో బల్బు వరసగా కలిపితే వెలుగు పెరుగుతుందా, తగ్గుతుందా, అలాగే ఉంటుందా?" చేతులు ఎత్తించండి. పలక మీద లెక్క రాయండి. ఇప్పుడు ప్రతి పిల్లవాడికీ ఒక పందెం ఉంది. అప్పుడు ఫెట్‌లో బల్బు కలిపి చూపించండి. వెలుగు తగ్గుతుంది. అక్కడ ఆపి, ఎందుకు అని అడగండి. జవాబు మీరు చెప్పొద్దు, కాసేపు వాళ్లను కొట్లాడుకోనివ్వండి. చివర్లో నిజమైన టార్చి బల్బులు రెండు, సెల్లు ఒకటి, కాస్త తీగ వాళ్ల చేతికి ఇవ్వండి. తెర మీద చూసింది చేతిలో వెలిగితేనే పాఠం ముగిసినట్టు.

ఆ తర్వాత పలక మీద నాలుగు మాటలు రాయండి. తెలుగులో శ్రేణి సంధానం. కన్నడంలో సరణి జోడణె. తమిళంలో తొడర్ ఇణైప్పు. మరాఠీలో ఏకసర జోడణీ. మీ రాష్ట్రంలో పరీక్ష ఏ భాషలో రాయాలో ఆ మాటను పిల్లలతో రెండుసార్లు పలికించండి. ఏ వీడియో ఈ పని చేయదు. హైదరాబాదులో తీసిన వీడియోకు కోలారు పిల్లవాడి కన్నడ పరీక్ష తెలియదు. బెంగళూరులో తీసిన వీడియోకు వాడి అమ్మ ఇంట్లో మాట్లాడే తెలుగు తెలియదు. రెండూ తెలిసింది మీకే.

రాజ్యాంగంలో 350ఎ అధికరణం 1956లో చేరింది. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించే సౌకర్యం కల్పించడానికి ప్రతి రాష్ట్రమూ ప్రయత్నించాలని అది చెబుతోంది. ఆ హక్కు కోసం అడగడం మానొద్దు. ముంబై కార్పొరేషన్ బడుల్లో ఇప్పటికీ తెలుగు మాధ్యమం ఉందంటే అడిగినవాళ్లు ఉన్నారు కాబట్టే. వీడియోలు ఉన్నాయి కదా అని తెలుగు టీచరు పోస్టు ఎత్తేస్తామంటే మాత్రం ఒప్పుకోవద్దు. పీఠం చూపించి లేవీయుణ్ణి ఇంటికి పంపించడం అది.

రెండు హెచ్చరికలు చెప్పి ముగిస్తాను.

ఒకటి, అప్పు. ఇంటికి వచ్చి, "మీ బాబు డాక్టరు అవుతాడు" అని ఆశపెట్టి, వేల రూపాయల కోర్సును కంతుల మీద అంటగట్టేవాళ్లు ఉన్నారు. తల్లి వేలిముద్ర పెడుతుంది, అది అప్పు పత్రమని ఆమెకు తెలియదు. 2021 డిసెంబరులో కేంద్ర విద్యాశాఖే తల్లిదండ్రులకు హెచ్చరిక జారీ చేసింది. ఖాతా నుంచి డబ్బు దానంతట అదే కట్ అయ్యే ఏర్పాటుకు ఒప్పుకోవద్దని, సంతకం చేసే కాగితం అప్పు పత్రమేమో చూసుకోవాలని చెప్పింది. ఈ మాట ఆదివారం ఆరాధన తర్వాత ప్రకటనల్లో చదవండి. అది కూడా సువార్త పనే.

రెండు, పిల్లల ఫోటోలు. ట్యూషన్ జరుగుతోందని దాతలకు చూపించడానికి పిల్లల ముఖాలు, పేర్లు, మార్కులు ఫేస్‌బుక్కులో పెట్టకండి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార చట్టం 18 ఏళ్ల లోపువారి సమాచారానికి తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటోంది. చట్టం లేకపోయినా అది మర్యాద. పేదవాడి బిడ్డకూ మర్యాద ఉంది.

మన ప్రభువు బోధించేటప్పుడు దేనారము అడిగి చేతిలో పట్టుకున్నాడు. చిన్న బిడ్డను మధ్యలో నిలబెట్టాడు. విత్తనాన్ని, దీపాన్ని, వలను చూపించాడు. అందుబాటులో ఉన్న వస్తువును వాడుకున్నాడు. అయితే నాణెం చూపించి ఊరుకోలేదు. ఇది ఎవరి రూపం అని అడిగాడు. బోధకుడి పని ఆ ప్రశ్నలో ఉంది.

వచ్చే నెల మళ్లీ కలిసినప్పుడు ఎన్ని వీడియోలు చూపించారని నేను అడగను. పిల్లలు ఎన్ని ప్రశ్నలు అడిగారు, వాటిలో ఆడపిల్లలు అడిగినవి ఎన్ని, మీకు జవాబు రాక మర్నాడు వెతికి చెప్పినవి ఎన్ని, ఈ మూడూ ఒక నోటుబుక్కులో రాసి తీసుకురండి.

ప్రభువు మీ చేతుల కష్టాన్ని దీవించును గాక.