ఇల్లూ బడీ మాట్లాడుకోవాలి
(దొరవారిసత్రంలో తల్లిదండ్రులు, ఉపాధ్యాయుల సమావేశంలో చేసిన ఉపన్యాసం)

వెనక గోడకానుకుని నిలబడ్డవాళ్లు ముందుకొచ్చి కూర్చోండి. కుర్చీలు మీకోసమే వేశారు.

పిల్లల ఎదుగుదలలో ఇంటి పాత్ర, బడి పాత్ర గురించి మాట్లాడమన్నారు. మామూలుగా ఇలాంటి సభల్లో సగం సేపు ఇల్లే తొలి బడి అంటాం, మిగతా సగం గురువే దైవం అంటాం, చప్పట్లు కొట్టి ఇళ్లకు పోతాం. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఇల్లు మంచిదే కావచ్చు, బడీ మంచిదే కావచ్చు. ఆ రెంటికీ మాటల్లేకపోతే నలిగిపోయేది మధ్యలో ఉన్న బిడ్డ.

దీనికి రుజువు కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. 2022లో మనల్ని తిరుపతి జిల్లాలో కలిపారు గానీ, మన మాటా మన చేపల పులుసూ ఇప్పటికీ నెల్లూరువే. ఆ నెల్లూరు జిల్లాలో, కలిగిరి మండలం దూబగుంటలో, 1990ల మొదట్లో సాయంత్రం పూట అక్షరాస్యత తరగతులు నడిచాయి. పగలంతా కూలికి పోయి వచ్చిన ఆడవాళ్లు దీపం ముందు పలకలు పట్టుకున్నారు. వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం. మొగుడి కూలి డబ్బు సారాకొట్టుకు పోతుంటే ఇల్లేమవుతుందో అందులో ఉంది. అది చదివాక వాళ్లకు తమ ఇల్లే పుస్తకంలో కనబడింది. 1992లో ఆ ఊరి ఆడవాళ్లు సారాను అడ్డుకున్నారు. వాళ్లలో రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది. జిల్లా కదిలింది. సారా వేలంపాటలు ఆగాయి. 1993 అక్టోబర్ 1న రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం కూడా వచ్చింది. అది రెండేళ్లకే సడలిపోయింది, ఆ కథ వేరే.

దూబగుంట గురించి చెప్పేటప్పుడు అందరూ సారా గురించే చెబుతారు. నాకు అందులో పిల్లలు కనబడతారు. అమ్మ పలక పట్టుకుని అక్షరాలు దిద్దుతుంటే పక్కన కూర్చుని చూసిన పిల్లలు. నిన్నటిదాకా నాన్న కేకలకు మూల నక్కిన అమ్మ పదిమందితో కలిసి వీధిలోకి రావడం చూసిన పిల్లలు. ఆ బిడ్డలకు చదువెందుకో ఏ మాస్టారూ వేరే చెప్పాల్సిన పని ఉండదు. అక్కడ బడి ఇంట్లోకి నడిచొచ్చింది.

ఇంటి కష్టం బడిలోకి నడిచొచ్చిన కథ కూడా ఉంది. బడుల్లో వండిన అన్నం పెట్టాలని 2001 నవంబర్ 28న సుప్రీంకోర్టు ఆదేశించింది. మన రాష్ట్రంలో 2003 జనవరిలో మధ్యాహ్న భోజనం మొదలైంది. అన్నం పెట్టడం బడి పనా అని అప్పట్లో వెక్కిరించినవాళ్లున్నారు. జవాబు ఒక పెద్ద అధ్యయనంలో దొరికింది. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం ఆధ్వర్యంలో నడిచిన యంగ్ లైవ్స్ పరిశోధకులు 2002 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 3,000 మంది పిల్లలను ఎంచుకుని, వాళ్లు పెద్దవాళ్లయ్యేదాకా కొన్నేళ్లకోసారి వాళ్ల ఇళ్లకు వెళ్లి చూస్తూ వచ్చారు. పసితనంలో కరువు దెబ్బకు ఎదుగుదల కుంటుపడిన పిల్లల్లో, తర్వాత బడిలో అన్నం తిన్నవాళ్లు ఆ లోటును చాలావరకు పూడ్చుకున్నారని ఆ లెక్కల్లో తేలింది. ఇంట్లో కుండ ఖాళీగా ఉందని బడికి తెలిస్తే ఎంత మేలు జరుగుతుందో చూడండి.

ఇప్పుడు మన మండలానికొద్దాం. మనకు నేలపట్టు ఉంది. 1976 నుంచి అది పక్షుల అభయారణ్యం. అక్టోబర్ వచ్చేసరికి చెరువులోని కడప చెట్ల మీద గూడబాతులు, నత్తగుల్ల కొంగలు గూళ్లు కడతాయి. గూడబాతులు పులికాట్ సరస్సు నుంచి చేపలు తెచ్చి పిల్లల నోట్లో పెడతాయి. పక్షులు దిగిన ఏడాది పంట బాగుంటుందని పెద్దోళ్లు నమ్ముతారు. పక్షుల రెట్ట కలిసిన నీళ్లు పొలానికి ఎరువని రైతులకు తెలుసు. ఈ సంగతులన్నీ మన పిల్లలకు ఇంట్లోనే అబ్బుతాయి. పులికాట్ ఒడ్డు పిల్లాణ్ని అడగండి. మడవ ఏ కాలంలో పడుతుందో, ఎండ్రకాయను గోరు తగలకుండా ఎట్లా పట్టాలో, ఉప్పునీళ్లు ఏ గాలికి లోపలికొస్తాయో చెబుతాడు.

అదే పిల్లాడు సామాన్యశాస్త్రం పీరియడ్లో తలొంచుకుని కూర్చుంటాడు. పాఠంలో ఆవరణ వ్యవస్థ, ఆహారపు గొలుసు అని ఉంటాయి. అవి వాడి సరస్సు గురించేనని వాడికి ఎవరూ చెప్పలేదు. ఒకసారి తరగతిలో ఆహారపు గొలుసు చెబుతూ, పుస్తకంలోని గడ్డి, మిడత, కప్ప పక్కనబెట్టి మన చెరువు బొమ్మ గీయమన్నాను. అప్పటిదాకా నోరు విప్పని పిల్లాడు బోర్డు దగ్గరికొచ్చి నాచు గీశాడు, రొయ్య గీశాడు, చేప గీశాడు, గూడబాతు గీశాడు. చివర్న రెట్ట గీసి, మళ్లీ నీళ్లలోకి బాణం గుర్తు పెట్టాడు. ఆ చివరి బాణం మా పుస్తకంలో లేదు. తరగతి నవ్వింది, ఆ తర్వాత అర్థమై నోరు మూసుకుంది. ఆ రోజు నుంచి వాడు ముందు బెంచీలో కూర్చున్నాడు. వాడికి తెలిసినదాన్ని బడి చదువుగా ఒప్పుకుంది, అంతే.

అన్ని ఇళ్లనూ బడి అట్లా ఒప్పుకోదు. మన దగ్గర యానాదుల పిల్లలున్నారు. బ్రిటిష్ వాళ్లు నేరస్థ జాతుల చట్టమని తెచ్చి, పుట్టుకతోనే దొంగలన్నట్టు ముద్ర వేసిన జనాల్లో వీళ్లూ ఉన్నారు. ఆ చట్టం 1952లో పోయింది. యానాదుల కోసం జీవితమంతా పనిచేసిన వెన్నెలకంటి రాఘవయ్య గారికి 1973లో పద్మభూషణ్ వచ్చింది. చట్టం పోయినా చూపు పూర్తిగా పోలేదు. తరగతిలో పెన్ను పోతే ముందు ఎవరి సంచీ వెతుకుతున్నాం? రొయ్యల గుంటల దగ్గర కాపలాకు అమ్మానాన్న పోతే వెంట పోయి, నెల తర్వాత వచ్చిన పిల్లను "వచ్చావా మహారాణీ" అని అంటున్నామా, లేక పోయిన పాఠం ఎట్లా అందించాలా అని చూస్తున్నామా? బడి మానేసిందని రిజిస్టర్లో రాస్తాం. బడే ఆ పిల్లను మానేసిన సంగతి ఏ రిజిస్టర్లోనూ ఉండదు.

తల్లిదండ్రులకూ ఒక మాట చెప్పాలి. "మావోడు మాట వినడంలా, రెండు తగిలించండి సార్" అని మీరే వచ్చి చెబుతారు. 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ ప్రకారం బిడ్డను కొట్టడమే కాదు, మనసు నొచ్చేలా వేధించడం కూడా నిషేధం. మీరు అనుమతిచ్చినా మాకు ఆ హక్కు లేదు, ఉండకూడదు కూడా. ఇంట్లో నాన్న బెల్టుకూ, బడిలో మాస్టారి బెత్తానికీ భయపడే పిల్లాడు నేర్చుకునేది ఒకటే, అబద్ధం. మార్కులు తగ్గితే సంతకం వాడే పెట్టుకుంటాడు.

ఇంకోటి. సాయంత్రం బిడ్డ ఇంటికి రాగానే మనం అడిగే మొదటి ప్రశ్న ఏది? ఎన్నొచ్చాయి? పక్కింటమ్మాయికెన్ని? ఆ ప్రశ్నతో అరనిమిషంలో మాట ముగుస్తుంది. ఆ తర్వాత వాడి చేతిలో ఫోను, మన చేతిలో ఫోను. ఇవాళ బళ్లో దేనికి నవ్వొచ్చింది, ఏది అర్థం కాలేదు అని అడిగి చూడండి. అన్నం తిన్నంతసేపూ చెబుతూనే ఉంటారు.

అమ్మానాన్నల ఇబ్బంది తెలియక అనడం లేదు. తెల్లారకముందే శ్రీసిటీ కంపెనీ బస్సెక్కే తల్లికి, సూళ్లూరుపేటలో కూలి చేసి రైలు దిగే తండ్రికి పదిగంటల మీటింగు పెడితే ఎట్లా వస్తారు? ఒకరోజు కూలి పోతుంది. 2024 డిసెంబర్ 7న రాష్ట్రమంతటా ప్రభుత్వ బడుల్లో ఒకేరోజు తల్లిదండ్రుల సమావేశాలు జరిపారు. ముగ్గులు వేశారు, తాడు లాగారు, కలిసి భోంచేశారు. బాగుంది. కానీ ఏడాదికి ఒకటీ రెండు పండగలతో బిడ్డ సంగతి తెలియదు. అందుకు పలకరింపు కావాలి.

విద్యాహక్కు చట్టం మన చేతికి ఒక సాధనం కూడా ఇచ్చింది. బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. మరుగుదొడ్డికి నీళ్లు ఉన్నాయా, అన్నంలో గుడ్డు పడుతోందా, మాస్టార్లు సరిపడా ఉన్నారా అని అడిగే హక్కు మీది. చాలాచోట్ల ఆ కమిటీ సంతకాల పుస్తకంలో మాత్రమే బతుకుతోంది.

అందుకే ఈ సభ ముగిసేలోపు నాలుగు పనులు ఒప్పుకుందాం. ఉపాధ్యాయులం మన మీటింగులు కూలికి పోయేవాళ్లకు వీలైన వేళ, ఆదివారమో సాయంత్రమో పెడదాం. వరసగా మూడు రోజులు రాని బిడ్డ ఇంటికి కబురు పంపడం కాదు, మనమే వెళదాం. తల్లిదండ్రులు నెలకోసారి బడికి రండి. మార్కులు అడగొద్దు, మీ బిడ్డ ఎవరితో ఆడుకుంటుందో, దేనికి భయపడుతుందో అడగండి. కమిటీలో ఉన్న అమ్మలు ఈసారి చదవకుండా సంతకం పెట్టొద్దు. చదవడం రాకపోతే చదివి వినిపించమనండి, వినిపించేదాకా కుర్చీలోంచి లేవొద్దు.